చేపల గంపలో కొల్లేరు

"కొర్రమేను తప్ప ఇంకేం లేవండి అమ్మగారూ... కావాలంటే అడుగున నాలుగు ఇంగిలాయిలున్నాయి."

మా చేపలావిడ గంప దించుతూ ఆ మాట అనగానే మా అత్తయ్య మొహం విప్పారింది. "కొర్రమేనుండగా ఇంకేం కావాలే! లే, కత్తిపీట పట్రా" అంటూ నన్ను కేకేశారు. కొర్రమేనంటే మాటలా మరి! కొత్తల్లుడొస్తే వండే చేప. మామూలు రోజుల్లో దాని ధర అడగటానికే నోరు రాదు.

చేపలావిడ మొహంలో మాత్రం ఆ సంబరం లేదు. అంత ఖరీదైన సరుకు గంపలో పెట్టుకుని ఎవరైనా అలా దిగాలుగా ఉంటారా? అదే అడిగాను.

"ఏం చెప్పమంటారండి! ఇయ్యి పైకొచ్చి గాలి పీల్చుకుని బతికేత్తాయండి. నీళ్ళలోనే ఊపిరి తీసుకునేయన్నీ పోయినియ్యి. గంపలో ఇయ్యొక్కటే మిగిలినియ్యంటే కొల్లేట్లో నీళ్ళు సచ్చిపోయినట్టేనండి" అంది.

ఫాల్గుణమాసంలో మాట ఇది. కత్తిపీట చేత్తో పట్టుకుని అలాగే నిలబడిపోయాను.

సిగ్గుపడాల్సిన సంగతి ఒకటి చెబుతాను. నేను బి.ఎస్సీ. చదివాను. అందులో జువాలజీ ఒక సబ్జెక్టు. గాలి పీల్చే చేపలు, వాటి అదనపు శ్వాసాంగాలు అన్న ప్రశ్న ఎన్ని పరీక్షల్లో రాశానో లెక్కలేదు. బొమ్మ గీసి, బాణం గుర్తులు పెట్టి, పదికి ఎనిమిది మార్కులు కూడా తెచ్చుకున్నాను. ఆ పాఠం ఏళ్ళ తరబడి మా గుమ్మంలోకి గంపలో నడిచి వస్తుంటే మాత్రం గుర్తుపట్టలేకపోయాను. బడి మొహం చూడని ఆవిడ ఒక్క ముక్కలో చెప్పేసింది.

ఏలూరు చుట్టుపక్కల వాళ్ళకి కొల్లేరు గురించి చెప్పక్కర్లేదు. కానీ ఈ పేజీ కర్నూలులో, కరీంనగర్‌లో చదివే అక్కచెల్లెళ్ళు కూడా ఉంటారు కదా! వాళ్ళ కోసం నాలుగు మాటలు. కృష్ణా డెల్టాకీ గోదావరి డెల్టాకీ మధ్య పల్లంలో ఉన్న మంచినీటి సరస్సు కొల్లేరు. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు లాంటి ఏర్లూ, లెక్కలేనన్ని మురుగు కాలువలూ అందులోకే చేరతాయి. బయటికి పోవడానికి మాత్రం దారి ఒకటే, ఉప్పుటేరు. అది సుమారు 60 కిలోమీటర్లు వంకర్లు తిరిగి సముద్రంలో కలుస్తుంది. మా ఏలూరు నుంచి సరస్సు అంచుకి వెళ్ళాలంటే గంట ప్రయాణం కూడా ఉండదు.

సరస్సు అనగానే లోతైనదని అనుకోకండి. కొల్లేరు పళ్ళెం లాంటిది. పళ్ళెంలో పోసిన పప్పుచారు ఎలా పరుచుకుంటుందో అలా పరుచుకుంటుంది. వానాకాలంలో చూస్తే సముద్రమే. సంక్రాంతి వెళ్ళాక నీరు తీయడం మొదలవుతుంది. పళ్ళెంలో ఒక అంగుళం తగ్గితే అంచు ఎంత దూరం ఎండిపోతుంది! కొల్లేరూ అంతే. ఒక అడుగు నీరు తగ్గిందంటే మైళ్ళకి మైళ్ళు బురద తేలుతుంది.

కథల్లో వసంతం వచ్చిందని రాయాల్సి వస్తే నాక్కూడా కోయిలా మావిడిచిగురే ముందు గుర్తొస్తాయి. రాస్తాను కూడా. సంపాదకులకి అదే ఇష్టం మరి! కొల్లేటి లంకల్లో ఉండేవాళ్ళకి వసంతమంటే మాత్రం నీళ్ళు తీసే కాలం. ఫాల్గుణం వెళ్ళి చైత్రం జొరబడే ఆ నెలా నెలన్నర రోజుల్లోనే ఆ ఏడాది ఎలా ఉండబోతోందో తేలిపోతుంది.

మా చేపలావిడది ఆ లంకల్లో ఒక ఊరు. తెల్లవారుజామునే ఆటోలో గంపతో వస్తుంది. వాళ్ళ వేట సంగతి ఆవిణ్ణి కూర్చోబెట్టి చెప్పించుకున్నాను. టీ ఇస్తే చెబుతుంది. చక్కెర కాస్త ఎక్కువుండాలి.

"నడుం లోతుంటే వలండి. మోకాలి లోతుంటే ఊతండి. చీలమండ లోతుంటే సెయ్యండి" అంది.

ఆవిడ లెక్క అదీ! నిండుగా నీళ్ళున్నప్పుడు మగవాళ్ళు తాటిదోనె వేసుకుని వెళ్ళి వలలు కడతారు. వెదురు పుల్లలతో అల్లిన మావులు నీళ్ళలో దింపుతారు. చేప లోపలికి వెళ్ళగలదు గానీ తిరిగి రాలేదు. నీళ్ళు తగ్గుతూంటే దోనె అడుగు బురదలో ఆనుతుంది. అప్పుడు దిగి నడవాల్సిందే. ఊత అంటే అడుగు లేని బుట్ట లాంటిది. చేప మసిలిన చోట గభాల్న దాన్ని బోర్లించి, పైనుంచి చెయ్యి పెట్టి చేపని పట్టుకుంటారు. ఇంకా తగ్గాక ఆడవాళ్ళూ పిల్లలూ బురదలోకి దిగి వట్టి చేతులతో తడుముతారు. ఇంగిలాయి ముల్లు గుచ్చుకుందంటే రాత్రంతా నిద్ర ఉండదట. ఆవిడ కుడిచేతి బొటనవేలు చూపించింది. గోరు పక్కన గట్టిగా కాయకట్టి ఉంది.

ఇందులో నాకు తెలియని తిరకాసు ఒకటుంది. నీళ్ళు తగ్గడం మొదలైన కొత్తల్లో చేపలు బాగా పడతాయి. అంత సరస్సులో పరుచుకున్న చేపలన్నీ మిగిలిన మడుగుల్లోకి చేరతాయి కదా! అప్పుడు గంపలో లేనిది ఉండదు. వాలుగలు, జెల్లలు, మట్టగిడసలు, పరిగలు, అప్పుడప్పుడూ ఓ శీలావతి, బొచ్చె... బజారంతా చేపలే. చవగ్గా కూడా వస్తాయి. మనం ఆ రెండు మూడు వారాలూ చూసి "కొల్లేట్లో చేపలకేం తక్కువ! చూడండి ఎన్నొస్తున్నాయో" అనుకుంటాం. మా అత్తయ్యా అదే అంటారు. మొన్నటిదాకా నేనూ అన్నాను. ఇంట్లో బియ్యం డబ్బా అడుగు గీకి అన్నం వండినప్పుడు గిన్నె నిండే ఉంటుంది. అలాంటి నిండుదనం అది.

ఆ తర్వాతే అసలు కష్టం. ఎండ పెరిగేకొద్దీ నీరు వెచ్చబడుతుంది. వెచ్చటి నీళ్ళలో ఆక్సిజన్ తక్కువ నిలుస్తుంది. పైన గుర్రపుడెక్క దుప్పటిలా కప్పేసి ఉంటుంది. నీరు తీసిన చోట నాచూ తూడూ కుళ్ళి, ఉన్న కాస్త ఆక్సిజన్నీ అదే తినేస్తుంది. రాత్రంతా మొక్కలు కూడా ఊపిరి తీసుకుంటాయి గానీ ఇచ్చేదేమీ ఉండదు. అందుకే తెల్లవారుజామున చేపకి ఊపిరాడక పైకి తేలి నోరు తెరుస్తుంది. బొచ్చె, శీలావతి, పరిగలు ముందు పోతాయి. కొర్రమేను, ఇంగిలాయి, మార్పు లాంటివి పైకొచ్చి గాలి గుటకేసి మళ్ళీ కిందికెళ్ళి బురదలో దాక్కుంటాయి. మా గుమ్మంలో కొర్రమేనొక్కటే దిగడానికి అదన్నమాట కారణం! మా అత్తయ్య అదృష్టం అనుకున్నది అదీ.

ఉప్పు సంగతి వేరే. సరస్సులో మంచినీరు నిండుగా ఉన్నప్పుడు ఉప్పుటేరు సముద్రం వైపు పారుతుంది. ఇక్కడ మట్టం పడిపోతే పోటు నీళ్ళు ఎదురెక్కి వస్తాయి. ఆ ఏరు నిజానికి చేపలకి రాకపోకల బాట. సముద్రం నుంచి కొన్ని రకాల చేపలు, రొయ్యలు దాని వెంటే కొల్లేట్లోకి వస్తాయి. ఒకప్పుడు అది వరం. ఎండాకాలంలో ఉప్పు పైకెక్కిందంటే మాత్రం మంచినీటి చేపకీ, లంకల్లో బిందె పట్టుకుని నిలబడే ఆడదానికీ ఒకటే అవస్థ. ఉప్పుటేరు మీద రెగ్యులేటర్లు కట్టాలన్న మాట నా చిన్నప్పటినుంచీ వింటున్నాను.

కిందటేడు ఫాల్గుణంలో కొల్లేటికోట పెద్దింట్లమ్మ జాతరకి వెళ్ళాం. మొక్కు ఒకటి తీర్చాల్సి ఉంది. దర్శనమయ్యాక మా వారు కారు దగ్గర ఎవరితోనో మాట్లాడుతుంటే నేను కాస్త దూరం గట్టు మీద నడిచాను. ఒక పక్క ఎండి నెర్రెలిచ్చిన నేల. రెండో పక్క చెరువు. అందులో నీళ్ళు తొణికిసలాడుతున్నాయి! కాలవలో మిగిలిన నీళ్ళని ఆయిల్ ఇంజను టకటకమంటూ ఆ చెరువులోకి తోడిపోస్తోంది. గట్టు ఇటువైపు చీలమండ లోతు బురదలో ఇద్దరు ఆడవాళ్ళు కుచ్చెళ్ళు ఎగదోపుకుని చేతులతో తడుముతున్నారు. ఒకే నీళ్ళు, ఒకే ఊరు. మధ్యలో గట్టు.

ఆ గట్టు గురించి మాట్లాడే హక్కు నాకుందా అని నన్ను నేనే అడుక్కోవాలి. ఎందుకంటే అలాంటి గట్టు మీద పెరిగినదాన్నే నేను.

మా పుట్టిల్లు కైకలూరు వైపు. మా నాన్నకి ఓ పెద్ద చేపల చెరువులో నాలుగెకరాల వాటా ఉండేది. చెరువు తవ్విందీ, చేప పిల్లలు పోసిందీ, అమ్మిందీ అంతా లీజుదారే. మాకు ఏటా కౌలు డబ్బులు వచ్చేవి, అంతే. ఆ డబ్బుతోనే నా హాస్టలు ఫీజు, పుస్తకాలు, చెవులకి జూకాలూను. పైన చెప్పిన జువాలజీలో ఎనిమిది మార్కులకి ఖర్చు పెట్టింది ఆ చెరువే! ఆ చెరువు సరస్సు గీత లోపల ఉందని నాకు తెలీదు. నాన్నకి తెలిసే ఉంటుంది. ఊళ్ళో అందరివీ లోపలే ఉన్నాయి మరి.

గీత అంటే ఏమిటో చెప్పాలి. 1999లో కొల్లేటిని అభయారణ్యంగా ప్రకటించారు. సముద్ర మట్టానికి అయిదడుగుల ఎత్తు దాకా, అంటే అయిదో కాంటూరు దాకా, 308 చదరపు కిలోమీటర్లు. 2002లో రామ్‌సర్ ఒప్పందం కింద అంతర్జాతీయ ప్రాముఖ్యం ఉన్న చిత్తడి నేలగా గుర్తింపు వచ్చింది. 2006లో సుప్రీంకోర్టు దాకా వెళ్ళిన వ్యవహారం తర్వాత గీత లోపలి చెరువుల గట్లు కొట్టేశారు. యంత్రాలతో తవ్వారు, పేల్చారు కూడా. నాకప్పుడు పంతొమ్మిదేళ్ళు. ఏలూరు హాస్టల్లో ఉన్నాను. ఫీజు కట్టడానికి వచ్చిన నాన్న వరండాలో బెంచీ మీద కూర్చుని చాలాసేపు ఏం మాట్లాడలేదు. లేచి వెళ్ళేటప్పుడు "గట్టు పోయిందమ్మా" అన్నారు. ఎవరో చనిపోయినట్టే అన్నారు. ఆ రోజు నాకు ప్రభుత్వం మీద, పక్షుల మీద, పేపర్ల మీద కూడా ఎంత కోపం వచ్చిందో! గూడబాతులకిచ్చిన విలువ మనిషికి ఇవ్వరా అని నా డైరీలో రాసుకున్నాను. అదే నా మొదటి కథకి ముడిసరుకు కూడా. అచ్చయింది. నాన్న ఆ పేజీ మడిచి పెట్టుకున్నారు.

ఆ కథలో గట్టు ఇవతలి వాళ్ళే ఉన్నారు. గట్టు కిందున్న వాళ్ళు లేరు.

మా చేపలావిడ టీ తాగుతూ వాళ్ళమ్మ చేపలు పట్టిన మడుగు గురించి చెప్పినప్పుడు, ఏ ఊరి పక్కనో అడిగాను. ఊరి పేరు చెప్పింది. మా ఊరే! "తర్వాత అక్కడ చెరువు తవ్వేశారండి. గట్టెక్కితే కర్ర పుచ్చుకుని తరిమేవోరు" అంది. నేను ఏమీ అనలేదు. ఇంకో చెంచా చక్కెర కలిపి ఇచ్చాను. అంతకంటే ఏం చేయగలిగాను!

ఈ మాటలన్నీ రాస్తున్నానని తెలిసి మా వారు ఊరుకోలేదు. "చెరువులు లేకపోతే కైకలూరెక్కడ, ఆకివీడెక్కడ? ఐసు ఫ్యాక్టరీలు, లారీలు, చేపలు పట్టే కూలీలు, మేత అమ్మేవాళ్ళు... కలకత్తా వాళ్ళు మన చేప తింటున్నారంటే చెరువు పుణ్యమే కదా" అన్నారు. నిజమే, కాదనను. మన జిల్లాల నుంచి ఐసులో సర్దుకుని బెంగాలుకీ అస్సాముకీ వెళ్ళే లారీలు ఎన్ని ఇళ్ళలో పొయ్యి వెలిగిస్తున్నాయో నాకూ తెలుసు. చెరువులే ఉండకూడదని నేననడంలేదు. గీత బయట పట్టా భూమిలో ఎంత తవ్వుకుంటారో తవ్వుకోండి. నేనంటున్నది లోపలి వాటి సంగతి. 2006లో కొట్టేసిన గట్లు ఒక్కొక్కటే మళ్ళీ లేచాయి. ఆ దారిన వెళ్ళేవాళ్ళకి కనిపిస్తూనే ఉన్నాయి. 2008లో అయితే అభయారణ్యాన్ని మూడో కాంటూరుకి కుదించమని అసెంబ్లీయే తీర్మానం చేసింది.

అయిదా మూడా అని మగవాళ్ళు కాఫీలు తాగుతూ వాదించుకుంటారు. మా చేపలావిడకి కాంటూరంటే నడుం, మోకాలు, చీలమండ. అంతే.

చెరువుల వల్ల బాగుపడింది బీదవాళ్ళేగా అనే మాట కూడా ఉంది. 1970లలో ప్రభుత్వం మత్స్యకారుల సొసైటీలకి చెరువులిచ్చిన మాట నిజం. పెట్టుబడి లేక చాలా సొసైటీలు వాటిని లీజుకిచ్చేశాయి. తీసుకున్నది డబ్బున్నవాళ్ళు. చెరువు ఎవరి పేరు మీదో ఉంటుంది, చేప ఇంకెవరి లారీలోనో వెళుతుంది. మా చేపలావిడ మావగారికీ అలాగే కౌలు వచ్చేదట. "పండక్కి సీర వొచ్చేదండి" అంది. సరస్సు ఇచ్చి చీర తెచ్చుకున్నట్టయింది.

అన్నట్టు, అభయారణ్యమంటే చేపలు పట్టకూడదని కాదు. వలతో, మావులతో, గాలంతో చేసే పాతకాలపు వేటకి అడ్డు చెప్పలేదు. ఈ సంగతి తెలియక చాలామంది "ఆ రూలు బీదవాళ్ళ పొట్ట కొట్టింది" అంటూంటారు. వేట చేసుకోమన్నారు, బాగానే ఉంది. చేసుకోవడానికి నీళ్ళేవీ?

సముద్రం మీద ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరపడవల వేట నిషేధం ఉంటుంది. చేప గుడ్లు పెట్టే కాలమని ఆ నియమం. ఆ రోజుల్లో తీరంలో మత్స్యకారుల కుటుంబాలకి ప్రభుత్వం భృతి ఇస్తుంది. చాలా మంచి పని. కొల్లేట్లో ఆ వేళకి వేట ఆపమని ఎవరూ చెప్పక్కర్లేదు. నీళ్ళే ఆపేస్తాయి. మరి ఆ నెలల్లో లంకల్లో ఏం తింటారు? మా చేపలావిడకి ఇప్పటిదాకా అలాంటి భృతి ఏదీ అందలేదట. సొసైటీలో పేరు ఆవిడ భర్తది. ఆయన పోయి ఆరేళ్ళయింది. అమ్మేది, తిరిగేది, ముల్లు గుచ్చుకునేది ఈవిడ. కాగితం మీద మాత్రం ఈవిడ మత్స్యకారురాలు కాదు. గంప మోసే ఆడవాళ్ళ పేర్లు వాళ్ళ సొంత పేర్లతో రాసుకుని, ఎండాకాలం రెండు నెలలూ ఎంతోకొంత చేతిలో పెడితే ప్రభుత్వానికి ఏం తరిగిపోతుంది?

మడుగుల సంగతి ఇంకా ముఖ్యం అనిపిస్తుంది నాకు. ఆవిడ చెప్పిందే చెబుతున్నాను. వాళ్ళ మావగారి కాలంలో అన్నిటికంటే లోతైన మడుగుని చివర్లో ముట్టుకునేవారు కాదట. "తల్లి సేపలుంటాయని వొదిలేవోరండి" అంది. కొర్రమేను జంటగా కాపలా కాస్తుంది తెలుసా? తొలకరి వానలకి గడ్డి మధ్య గూడు లాంటి చోటు చేసుకుని గుడ్లు పెట్టి, ఎర్రెర్రగా గుంపుగా తిరిగే పిల్లల్ని తల్లీతండ్రీ రెండూ వెన్నంటి కాస్తాయి. ఆ జంట వానల దాకా బతకాలంటే చైత్రంలో, వైశాఖంలో ఓ మోకాలి లోతు మడుగు మిగలాలి. ఇప్పుడు ఆ మడుగు మీదే ఇంజన్లు పెడుతున్నారు. ఇంజను పెట్టేది చెరువువాళ్ళు. ఇంజను పోయాక మిగిలిన తల్లిచేపని పట్టేది లంకవాళ్ళు. మనకి కనిపించేది రెండోవాళ్ళే. తప్పు వాళ్ళదే అని చెప్పడం ఎంత తేలిక!

నాకైతే ఒకటే అనిపిస్తుంది. కొల్లేరు అనగానే గీత ఎక్కడ అనే కాక, ఫాల్గుణంలో నీళ్ళు ఎంత అని కూడా అడగాలి. కొన్ని మడుగులు గుర్తించి, ఎండాకాలంలో అక్కడ ఇంజనూ వలా రెండూ పెట్టకూడదని కట్టడి చెయ్యాలి. ఆ కాపలా లంకల్లో ఆడవాళ్ళకే అప్పగిస్తే ఇంకా మంచిది. ఏ మడుగు ఎక్కడో వాళ్ళ కాళ్ళకి తెలుసు.

మన పాపం కూడా కొంత ఉంది. ఏలూరులో మనింట్లో వాషింగ్ మెషిన్ వదిలిన నురుగు నీళ్ళు ఎటు పోతాయో ఎప్పుడైనా ఆలోచించారా? నేను ఆలోచించలేదు. కాలవలోకి పోతాయి అనుకున్నాను, అక్కడితో ఆగిపోయాను. ఏలూరు మురుగైనా, గుడివాడ మురుగైనా, బెజవాడ నుంచి బుడమేరులో వచ్చేదైనా చివరికి చేరేది కొల్లేటికే. వానాకాలంలో అన్ని నీళ్ళలో అది కలిసిపోతుంది. ఎండాకాలంలో కలపడానికి నీళ్ళుండవు. చెరువుల్లో చేప పట్టేటప్పుడు వదిలే మేత కుళ్ళిన నీరు కూడా అందులోకే. గుర్రపుడెక్క అంత ఏపుగా ఎందుకు పెరుగుతుందో వేరే చెప్పాలా? మనం పోసిన ఎరువే.

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి బెజవాడ మునిగినప్పుడు ఊరంతా టీవీల ముందు కూర్చున్నాం. ఆ నీళ్ళు తర్వాత ఎక్కడికి వచ్చాయి? కొల్లేటికే. లంకల్లో దార్లు మునిగాయి. మా చేపలావిడ రెండు వారాలు రాలేదు. వచ్చాక "సెప్టెంబర్లో ములిగిపోతామండి, సైత్రంలో ఎండిపోతామండి" అని నవ్వింది. నవ్వడానికేముందో నాకు అర్థంకాలేదు గానీ ఆవిడ నవ్వింది. వరద నీళ్ళు పట్టే పళ్ళెం నిండా గట్లు కడితే వానాకాలంలో పొంగక ఏం చేస్తుంది! ఆ గట్లే ఎండాకాలంలో నీటిని పంచనివ్వవు. రెండు బాధలకీ మూలం ఒకటే. అది తెలుసుకోవడానికి ఇంజినీరే అయ్యుండక్కర్లేదు.

కొనేవాళ్ళుగా మన వంటింటి సంగతి కూడా అనేస్తాను. బజారుకి వెళితే రెండు కిలోల బొచ్చె ముక్కలు కొట్టించుకుని వస్తాం. చిన్నచేపలంటే "అబ్బ, ఎవరు బాగుచేస్తారు, ముళ్ళు" అంటాం. నేనూ అన్నాను. ఇప్పుడు పిల్లలు కూడా ముల్లు లేని ముక్కే కావాలంటున్నారు. చిన్నచేప అడిగేవాళ్ళు లేకపోతే సరస్సు ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే అనుకుంటుంది లోకం. పరిగలు బూడిదేసి రుద్ది, లేత మావిడికాయ ముక్కలేసి పులుసు పెట్టి చూడండి. మా అత్తయ్య చేతి పులుసు తిన్నవాళ్ళు చెరువు చేప మట్టివాసన మళ్ళీ భరించలేరు. ఈ విషయంలో మాత్రం ఆవిడా నేనూ ఒకటే పార్టీ.

నాన్నకి ఈ వ్యాసం చదివి వినిపించాలా వద్దా అని రెండు రోజులు ఆలోచించాను. ఆదివారం ఫోన్లో చదివాను. గట్టు పోయిన రోజు దగ్గరికి వచ్చేసరికి ఆపమన్నారు. కాసేపయ్యాక "ఆ మడుగు నాకు తెలుసు. చిన్నప్పుడు అందులో ఈతకొట్టాం" అన్నారు. "మరి తవ్వేటప్పుడు ఎందుకు ఊరుకున్నారు నాన్నా" అని అడగలేదు. హాస్టలు ఫీజు రసీదు ఇప్పటికీ నా సర్టిఫికెట్ల ఫైల్లోనే ఉంది.

ఉగాది వెళ్ళిన నాలుగో రోజున చేపలావిడ వచ్చింది. గంప మీద తడిగుడ్డ కప్పి ఉంది. మా అత్తయ్య సంబరంగా గిన్నె పట్టుకుని గుమ్మంలోకి వెళ్ళారు. గుడ్డ తీస్తే చింతచిగురు.

"సేపల్లేవండి. సిగురు కోసుకొచ్చాను. పప్పులో ఏసుకోండమ్మగారూ" అంది.

గంపకి చేపల వాసన అలాగే ఉంది. అరకిలో తూయించుకున్నాను.